బతికుందా, అందుతుందా?

పీర్-టు-పీర్ నెట్‌వర్కుల చరిత్ర అనగానే అందరూ ఒకే వరస అప్పజెబుతారు. 1999లో నాప్‌స్టర్, 2000లో న్యూటెల్లా, 2001లో కార్డ్, పాస్ట్రీ, 2002లో కాడెమ్లియా. ముందు సర్వర్ పోయిందట, తర్వాత “ఉన్నావా?” అని అడిగే పింగ్‌ల వరద తగ్గిందట, దాంతో అవతలి నోడ్, అంటే నెట్‌వర్కులోని యంత్రం, ఉందో లేదో తేల్చుకోవడం తేలికైందట. ఈ కథంతా “నోడ్ బతికుందా?” అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నాకు అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది.

నలుగురూ వెక్కిరించే న్యూటెల్లానే చూడండి. పింగ్ చేతులు మారుతూ మామూలుగా ఏడు అంచెలు పోతుంది. దానికి జవాబైన పాంగ్ వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. అవతల మనిషి ఉన్నట్టు కబురైతే అందింది. మనం నేరుగా వెళ్లి తలుపు తట్టగలమన్న హామీ అందులో లేదు. ఫైర్‌వాల్ వెనకున్న వాళ్లచేత ఎదురు కనెక్షన్ పెట్టించడానికే అందులో ‘పుష్’ అనే సందేశం ఉండేది. అంటే ఆ మొరటు ప్రొటోకాల్‌కు ఈ తేడా తెలుసు.

తర్వాత వచ్చిన పండితులే దాన్ని పక్కన పెట్టారు. కాడెమ్లియాలో తెలిసిన నోడ్‌ల జాబితా నిండితే, కబురందక ఎక్కువ కాలమైన నోడ్‌కు పింగ్ కొడతారు. పలికితే ఉంచుతారు, లేదంటే తీసేస్తారు. పాతకాపు నిలుస్తాడన్న ఆ లెక్క న్యూటెల్లా కొలతల నుంచే వచ్చింది, సబబైనదే. కానీ నాకు పలకని నోడ్ పక్కవాడికి పలకవచ్చు కదా! 2005లో ఫ్రీడ్‌మన్, లక్ష్మీనారాయణన్, రియా, స్టోయికా సరిగ్గా దీన్నే ఎత్తి చూపారు. ‘అ’కు ‘ఆ’ అందుతుంది, ‘ఆ’కు ‘ఇ’ అందుతుంది, ‘అ’కు ‘ఇ’ అందదు. ‘ఇ’ ఉందని ‘ఆ’ చెబుతుంది. ‘అ’ ప్రయత్నించి, గడువు దాకా కాచుకుని, కొట్టేస్తుంది. మళ్లీ ‘ఆ’ అదే పేరు చెబుతుంది. వాళ్ల అనుభవం చాలావరకు పరిశోధన సంస్థల యంత్రాలతో నడిచిన ప్లానెట్‌ల్యాబ్‌ది. ఇళ్లలోని రౌటర్ల సంగతి అందులో అంతగా లేదు.

ఆ సంగతి అదే ఏడాది ఫోర్డ్, శ్రీసురేశ్, కెగెల్ రాశారు. లోపలి యంత్రాలకు ఒకే బయటి చిరునామా పంచేవి నాట్ పెట్టెలు; వాటిలోంచి నేరుగా దారి చేసుకోవడాన్ని రంధ్రం పొడవడం అంటారు. పరీక్షకు వచ్చిన నాట్ పెట్టెల్లో సుమారు 82 శాతం యూడీపీ రంధ్రాన్ని, 64 శాతం టీసీపీ రంధ్రాన్ని ఒప్పుకున్నాయి. ఈ అంకెల్ని జాగ్రత్తగా వాడాలి: ఇది పెట్టెల వంతు, ఒకదాన్నొకటి అందుకోవాల్సిన నోడ్ జంటల వంతు కాదు.

నాట్ వెనకున్న యంత్రానికి తన బయటి చిరునామా తెలిపే 2003 నాటి స్టన్ ప్రమాణం నాట్‌లను నాలుగు జాతులుగా విడగొట్టింది. నిజం పెట్టెలు ఆ గళ్లలో ఒదగలేదు. 2008లో ఆ వర్గీకరణనే వదిలేశారు. 2010లో ప్రమాణమైన ఐస్ అనే పద్ధతి జాతి అడగదు. రెండు వైపులా ఉన్న చిరునామాలన్నీ పోగేసి, జంట జంటగా పరీక్షిస్తుంది. ఏదీ కుదరకపోతే రిలే, అంటే మధ్యలో మరో యంత్రం మోయడమే. నా లెక్కలో అసలు మలుపు ఇదే, కార్డ్ కాదు.

ఇప్పటి పీర్-టు-పీర్ లైబ్రరీ లిబ్‌పీటూపీలో, తాను బయటికి అందుతున్నానా అని నోడ్ తేల్చుకునే ఆటోనాట్ ఉంది. ఇతర నోడ్‌లను పిలిచి “నాకు తిరిగి డయల్ చేయండి” అంటుంది. పద్ధతి మంచిదే. అయితే మొదటి రూపంలో అది నోడ్ మొత్తానికి పబ్లిక్ అనో ప్రైవేట్ అనో ఒకే ముద్ర వేసేది. రెండో రూపం చిరునామాకొక తీర్పు దాకా దిగింది. జంటకొక తీర్పు ఇప్పటికీ కనెక్షన్ పెట్టబోయినప్పుడే తేలుతుంది. ఈలోగా మోసేది రిలే. దాన్ని నడిపేవాడి మెషీన్‌ను మనం సర్వర్ అనడం మానేశాం, అంతే.