రెండు రిజిస్టర్లలో మా తాత

మా తాత పేరును తెల్ల ప్రభుత్వం రెండు రిజిస్టర్లలో రాసుకుంది. ఒకటి పోలీసులది, రెండోది సైన్యానిది. మొదటి దాని సంగతి మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రెండోదాన్ని మేమే వెతుక్కోవలసి వచ్చింది.

మేము ఎరుకలవాళ్లం. ఈతాకు, వెదురు బుట్టలు అల్లుకొని బతికిన ఇల్లు మాది. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద చేర్చిన తెగల్లో మనమూ ఉన్నాం. పేరు ఎక్కిన మనిషి వేలిముద్రలివ్వాలి, హాజరు పలకాలి, ఊరు కదలాలంటే చెప్పి కదలాలి. దొంగతనం చేయనక్కర్లేదు, ఆ ఇంట పుడితే చాలు.

అలాంటి మనిషి బర్మా యుద్ధానికి వెళ్లాడని మా మేనత్త చెప్పేది. "గోనెగుడ్డ పరిచి దానిమీద లారీలు నడిపించాం" అనేవాడట తాత. విన్నవాళ్లంతా నవ్వేవారు. మా నాయన కూడా అవి ముసలాయన కోతలే అనుకున్నాడు.

అత్త పోయాక ఆమె రేకుపెట్టెలో ఒక గుడ్డమూట దొరికింది. అందులో ఆరు కొసల ఇత్తడిరంగు నక్షత్రం, మడతల దగ్గర చిరిగిన ఒక కాగితం ఉన్నాయి. అది బర్మా స్టార్ పతకం. భారతీయ సైనికులకిచ్చిన ఈ నక్షత్రాల వెనక నంబరు, పేరు, దళం చెక్కి ఇచ్చేవారు. తిప్పి చూస్తే తాత పేరుంది. కాగితంలో చేరింది 1943, విడుదలైంది 1946 అనీ, పయనీర్ దళమనీ ఉంది. పయనీర్లంటే తుపాకీ కంటే పలుగూ పారా ఎక్కువ పట్టిన సైనికులు. రోడ్లు వేయడం, అడవి కొట్టడం, సామాను దించడం వాళ్ల పని.

ఆ తర్వాత బర్మా యుద్ధం గురించి చదివాం. 1944లో ఇంఫాల్ దగ్గర జపాన్ సేన ఓడిపోయాక, పద్నాలుగో సైన్యం కబా లోయ గుండా చింద్విన్ నది వైపు సాగింది. అక్కడ రోడ్డుకు చాలినంత రాయి లేదు. అందుకని నేల చదును చేసి, తారులో ముంచిన జనపనార గుడ్డను ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చేలా పరిచారు. అలా వంద మైళ్లకు పైగా వేశారు. దానిమీద రోజుకు వెయ్యి బండ్లు నడిచాయి. ఆ పేజీ దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. తాత కోతలు కోయలేదు. మేమే ఆయన్ని నమ్మలేదు.

ఆ యుద్ధంలో భారత సైన్యం రెండు లక్షల నుంచి ఇరవై అయిదు లక్షలు దాటింది. నిర్బంధంగా ఎవరినీ చేర్చలేదు, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే అంటారు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. రెండు పూటలా తిండి, నెల జీతం, ఒంటిమీద బట్ట. అన్నిటికంటే మించి, హాజరు లేని చోటు.

అంతకుముందు అదే ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టు వీరులని రాసుకుంది, మనల్ని పుట్టు దొంగలని రాసుకుంది. యుద్ధం ముదిరి మనుషులు చాలకపోయేసరికి మొదటి జాబితాను పక్కన పెట్టింది. రెండో జాబితాను మాత్రం పెట్టలేదు. 1946లో తిరిగొచ్చిన తాత విడుదల కాగితం చూపించినా, మళ్లీ హాజరు పలకమన్నారట. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ ముద్ర మాత్రం మా బడిదాకా వెంట వచ్చింది.

మన గురించి పోలీసులు రాసింది భద్రంగా ఉంది. మనవాళ్లు చేసింది రేకుపెట్టెల్లో తుప్పు పడుతోంది. మీ ఇళ్లలోనూ వెతకండి. పతకం దొరికితే తోమకండి, వెనక అక్షరాలు అరిగిపోతాయి. కాగితం దొరికితే నంబరు రాసుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అన్నిటికంటే ముందు ఇంట్లో ముసలివాళ్లను అడగండి. వాళ్లు చెప్పేది నవ్వు పుట్టించినా సరే, రాసిపెట్టుకోండి.