ఏ బంతిలో విస్తరి?

టెన్నిస్ మహామహులకి విందు చేస్తే, మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జాకి విస్తరి వెయ్యాలా, వద్దా?

వద్దనేవారి వాదన ఒకటే. సింగిల్స్‌లో ఆమె 2007లో అందుకున్న 27వ ర్యాంకు దాటలేదు. గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ జోడీతోనే: మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. పక్కన ఇంకొకరున్నారుగా అంటారు!

ఇద్దరి కష్టంతో నడిచే సంసారంలో పేరెవరికి వస్తుందో మనకి తెలియనిదా? మా గోదావరి రైతునడగండి, కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి నడక తప్పితే దుక్కి ఏమవుతుందో! మార్టినా హింగిస్ నెట్ దగ్గర కాచుకునేది. వెనకనుంచి సానియా ఫోర్‌హాండ్‌తో బాదేది. 2015లో వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆ జోడీవే. ఆ ఊపులో వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 2015 ఏప్రిల్‌లోనే సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. భారత మహిళల్లో ఆమే ప్రథమురాలు.

అలాగని అగ్రతాంబూలం ఇచ్చెయ్యలేం. నవ్రతిలోవా, పామ్ ష్రైవర్ 1983–85లో వరసగా 109 మ్యాచ్‌లు గెలిచారు. నవ్రతిలోవాకి మహిళల డబుల్స్‌లోనే 31 గ్రాండ్‌స్లామ్‌లు! మొదటి బంతి ఆవిడది.

సానియాకి 2008లో మణికట్టు ఆపరేషనయింది. 2013లో సింగిల్స్ వదులుకుంది. 2018లో కొడుకు పుట్టాక, 2020 జనవరిలో హోబర్ట్‌లో మళ్ళీ డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023లో ఆట చాలించింది.

రెండో బంతిలో విస్తరి వేద్దాం. అదేం చిన్నతనం కాదు. ఇంటిల్లిపాదికీ వడ్డించిన ఆడవాళ్ళు కూర్చునేది ఆ బంతిలోనే కదా!