సర్కారు జాబితాలలో మన పేర్లు

మనలో కులం లేదని మనం గట్టిగానే చెప్పుకుంటాం. నమాజు వరుసలో నిలబడినంతసేపు అది నిజమే. సంబంధాలు చూసుకునే వేళ సయ్యదులు, పఠానులు ఒక పక్క, దూదేకుల వారు, మెహతర్లు మరొక పక్క అన్న సంగతి ఈ సంచిక చదివే పెద్దలకు చెప్పనక్కరలేదు. అది మన ఇళ్ళల్లో మనం తేల్చుకోవలసిన విషయం. ఇక్కడ చెప్పదలచుకున్నది వేరు. ప్రభుత్వం వారు కాలక్రమాన మనల్ని ఏయే పేర్లతో రాసుకున్నారు, ఆ రాతను బట్టి చదువు, ఉద్యోగం, భూమి ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్న చరిత్ర.

ఇంగ్లీషు వారికి లెక్కలు రాయడమంటే మహా ఇష్టం. జనాభా లెక్కల్లో దూదేకుల వారిని విడిగా రాశారు. 1909లో థర్‌స్టన్ దొర ఏడు సంపుటాలుగా అచ్చువేయించిన దక్షిణ దేశపు కులాల గ్రంథంలోనూ వారికి చోటుంది. దూది ఏకడం వృత్తి, ముస్లిం మతం, ఇంట్లో తెలుగు. మా వైపు పల్లెల్లో పరుపులు కుట్టించుకునే కాలంలో దూది ఏకే విల్లు చప్పుడు వినని వీధి ఉండేది కాదు. పత్తి మిల్లులు వచ్చాక ఆ చప్పుడు సన్నగిల్లింది. వృత్తి పోయింది గాని పేరు పోలేదు.

ఇంత వివరంగా రాసుకున్న దొరతనం ఉద్యోగాలు పంచే దగ్గర మాత్రం ఆ వివరాన్ని పక్కన పెట్టింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. 1920ల చివరలో మంత్రి ముత్తయ్య మొదలియారు పూనికతో కమ్యూనల్ జి.ఓ. అమలుకు వచ్చింది. ప్రతి 12 ఉద్యోగాల్లో 5 బ్రాహ్మణేతర హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 ముస్లిములకు, 2 క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లకు, 1 అణగారిన కులాల వారికి. పన్నెండింట రెండు అంటే మాటలా! కాని ఆ రెండూ అందుకోవాలంటే ముందు ఇంగ్లీషు చదువు ఉండాలి కదా. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగే దూదేకుల సాయిబు కొడుకు ఆ పోటీలో సయ్యదుల ఇంటి పిల్లవాడితో ఎలా నెగ్గుతాడు? కాగితం మీద ఇద్దరూ ముస్లిములే. అందరికీ ఒకే గంప పెడితే పొడుగాటి చేతులవాడికే పండు దక్కుతుంది.

1947లో ఈ వాటాలను 14 ఉద్యోగాల లెక్కకు మార్చి మనకు ఒక్కటి ఉంచారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే కొట్టివేసింది. ఆ వెంటనే ఆ యేడే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, సామాజికంగా, విద్యలో వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునన్నారు. ఇక మీదట మతం పేరు చెప్పి అడగడానికి లేదు, వెనుకబాటు చూపించి అడగాలి.

తెలంగాణ సంగతి వేరు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష, 1918లో మొదలైన ఉస్మానియాలో బోధనా భాష కూడా. పైకి చూస్తే ముస్లిముల రాజ్యం, లోపల జాగీర్దారు ముస్లిమూ, జట్కా తోలే ముస్లిమూ ఒకటెన్నడూ కారు. 1948 తరువాత ఆ అంతస్తు కూలినప్పుడు పెద్దవారితోబాటు వారి నీడన బ్రతికిన చిన్న నౌకర్లూ రోడ్డున పడ్డారు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న మాటకు అది పొట్టి పేరు. నిజాం అంగరక్షక దళంలో పనిచేసిన సిద్దీల నివాసం అది. తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. దళం రద్దయింది, రంగు చూసి జనం వేసే ప్రశ్నలు మాత్రం రద్దు కాలేదు. కర్ణాటకలో సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. మన దగ్గర వారు వెనుకబడిన తరగతుల వారు. మనిషి ఒకడే, సరిహద్దు దాటితే కాగితం వేరు.

అన్నింటికన్నా నన్ను కలచివేసేది మెహతర్ల విషయం. పాకీ పని చేసిన హిందువుకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా వచ్చింది. ఆ ఉత్తర్వు మూడవ పేరాలో హిందువులు కానివారు షెడ్యూల్డు కులస్తులు కారని రాశారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నారు. అదే చీపురు, అదే తట్ట పట్టిన ముస్లిము బయటనే ఉండిపోయాడు. దానితో రిజర్వు నియోజకవర్గాల్లో పోటీకి లేదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసివేయమన్నది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకొక కమిషన్ వేశారు. ‘మనలో కులం లేదు’ అన్న మన మాటనే ప్రభుత్వం మన బీదవారి మీద ప్రయోగించిందని నా అభిప్రాయం.

వెనుకబడిన తరగతుల జాబితా మన రాష్ట్రంలో సులభంగా రాలేదు. 1960లలో వేసినవి కోర్టుల్లో నిలవలేదు. 1968లో అనంతరామన్ కమిషన్‌ను నియమించారు, 1970లో నివేదిక వచ్చింది. తొంభైకి పైగా కులాలను ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు చేసి 7, 10, 1, 7 శాతం చొప్పున మొత్తం 25 శాతం ఇచ్చారు. 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. మెహతర్లు ‘ఎ’లో, దూదేకుల (లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా) ‘బి’లో చేరారు. పన్నెండింట రెండు ఇచ్చిన కాలంలో గుమ్మం దాటని ఇళ్ళకు ఫీజు రాయితీ, హాస్టలు సీటు వచ్చింది ఈ రాతవల్లనే.

మిగతా బీద ముస్లిముల మాట 2004 వరకు గట్టిగా కదలలేదు. ఆ యేడు రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం ముస్లిములందరికీ 5 శాతం అన్నది, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్ళీ చట్టం చేస్తే మళ్ళీ కొట్టేసింది. తరువాత పి.ఎస్. కృష్ణన్ గారు ఇచ్చిన నివేదిక మీద 2007లో ‘బి.సి.-ఇ’ పేరున 4 శాతం వచ్చింది. ఈసారి మతం మొత్తాన్ని కాక వృత్తులను, గుంపులను చూశారు. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజ్జాములు, ఖురేషీలు, సిద్దీలు, తురక కాశలు, షేక్‌లు ఇందులో ఉన్నారు. సయ్యదులు, మొగలులు, పఠానులు, అరబ్బులు, బోహ్రాలు వగైరా లేరు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటా చేయించిన కులగణనలో ముస్లిములు 12.56 శాతంగా తేలారు, అందులో 10.08 శాతం బి.సి.లే. అయిదుగురిలో నలుగురన్న మాట.

ఇదంతా మగపిల్లల కథలా చదివారేమో. ఆడవారి సంగతీ కాగితమే తేల్చింది. 1937 షరియత్ చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించారు. మన బ్రతుకులు పొలం మీదనైతే, కూతురి వాటా చట్టం చేసి ఏమి లాభం? మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది. ఆ విధంగా కోస్తా, సీమ జిల్లాల్లో ఆడపిల్లకు పొలంలో వాటా చట్టరీత్యా ఖాయమయింది. చేతికి వచ్చిందా అంటే ఏ ఇంటికి ఆ ఇల్లే సమాధానం చెప్పాలి. తరువాత 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. దానికి 1977లో చేర్చిన నిబంధన ప్రకారం, ఇంట్లో భూమి లేని మేజరు కొడుకు ఉంటే తండ్రి ఉంచుకోగల పరిమితి పెరుగుతుంది. మేజరు కూతురు ఉంటే పెరగదు. ఇది హిందూ ముస్లిం తేడా లేకుండా అందరికీ వర్తించిన చట్టమే. షరియత్ కూతురికి సగమైనా రాసింది, సర్కారు లెక్కలో ఆమె సున్న.

ఇక కుటుంబాల వారు గమనించవలసిన చిన్న సంగతి. గౌరవంగా ఉంటుందని కొందరు దూదేకుల వారు పిల్లల పేరు ముందు ‘షేక్’ అని బడిలో రాయించారు. దూదేకుల ‘బి’లో ఉంది, దాని వాటా 10 శాతం. షేక్ ‘ఇ’లో ఉంది, దాని వాటా 4 శాతం. తండ్రి సర్టిఫికెట్టు ఒకటి, పిల్లవాని బడి రికార్డు ఒకటి అయితే తహసీలుదారు ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడ్మిషన్ల నెల వచ్చేదాకా ఆగక, రెండు కాగితాలూ పక్క పక్కన పెట్టి ఇప్పుడే చూసుకోండి.