డెబ్బై రెండో వంతు విమానం

1973లో నేను తొమ్మిదో తరగతి. సరుకు ఓడలో పనిచేసే మా మావయ్య సెలవుకు వస్తూ సింగపూర్ నుంచి ఓ అట్టపెట్టె, జిగురు ట్యూబు తెచ్చాడు. పెట్టెలో నాట్ యుద్ధవిమానం ముక్కలుగా ఉంది. ఎయిర్‌ఫిక్స్ కంపెనీది. మా వీధిలో అటువంటిది ఎవరూ చూసి ఎరగరు.

అది ఎక్కడ పుట్టిందో చాలా ఏళ్లకు గానీ తెలుసుకోలేదు. ఇంగ్లండులో ఫ్రాగ్ అనే సంస్థ 1936లోనే ప్లాస్టిక్ విమానాల కిట్లు అమ్మింది. కొలత అసలులో 72వ వంతు. ఆరడుగులంటే 72 అంగుళాలు కదా, ఆరడుగుల మనిషి ఈ లెక్కలో ఒక్క అంగుళం. ఎయిర్‌ఫిక్స్‌ని 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరియన్ లండన్లో పెట్టాడు, గాలి నింపే రబ్బరు బొమ్మలు చెయ్యడానికి. కిట్ల వ్యాపారంలోకి వాళ్లు అనుకోకుండా దిగారు. 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ల కంపెనీ తన అమ్మకందార్ల కోసం చిన్న ట్రాక్టర్లు చేయించుకుంది. వాటిని బిగించి ఇవ్వడం తలనొప్పి కావడంతో, తర్వాత ముక్కలుగానే అమ్మారు. ఆ తర్వాత డ్రేక్ ఓడ గోల్డెన్ హైండ్ వచ్చింది, ఉల్‌వర్త్ దుకాణాల్లో, చౌకగా, ప్లాస్టిక్ సంచిలో. మరుసటేడు స్పిట్‌ఫైర్ విమానం. అక్కణ్ణుంచి ఇది పిల్లల జేబుడబ్బుకు అందే సరదా అయింది.

అయితే ఈ 72వ వంతు అన్నది వట్టి ఆట కాదు. 1942లో అమెరికా నౌకాదళం తన దేశపు హైస్కూలు పిల్లల చేత ఇదే కొలతలో ఐదు లక్షల చెక్క విమానాలు చేయించడానికి పూనుకుంది. ఆకాశంలో నీడ చూసి మనదో శత్రువుదో పోల్చుకోవడం సైనికులకు నేర్పడానికి. ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. మన జిల్లాల పెద్దలకు ఆ భయం కథ కాదు.

నా సంగతికొస్తే, ఆ పెట్టె చూడగానే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ గుర్తొచ్చాడు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద పాకిస్తాన్ సేబర్లు విరుచుకుపడితే, బాంబులు పడుతుండగానే నాట్ ఎక్కి లేచి, పోరాడి ప్రాణాలిచ్చాడు. వైమానిక దళంలో పరమవీర చక్ర ఆయనకొక్కడికే. ఆయన విమానమే చేస్తున్నాననుకుని రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చున్నాను. కొత్తవాళ్లు చేసే తప్పులన్నీ చేశాను. ముక్కలు బ్లేడుతో కొయ్యకుండా చేత్తో విరిచాను. జిగురు ఒలకబోశాను. పైలట్‌ని రంగెయ్యకుండానే లోపల పెట్టి మూసేశాను. జిగురు చేత్తో అద్దం పట్టుకుంటే అది తెల్లబారి మసకేసింది. రంగు సైకిల్ షాపులో అడిగి తెచ్చుకున్న సిల్వర్ పెయింట్.

బడికి పట్టుకెళితే లెక్కల మాస్టారు తిప్పితిప్పి చూశారు.

"ఏట్రా, రెండు సీట్లున్నాయి?"

"తెలీదండీ."

"సెఖోన్ ఒక్కడే కదరా ఎక్కాడు!"

నిజమే. ఎయిర్‌ఫిక్స్ చేసింది బ్రిటిష్ వాళ్ల శిక్షణ విమానం, రెండు సీట్లది. మన వాయుసేన నడిపింది ఒంటి సీటుది, రెక్కలు ఇంకా చిన్నవి. వెనక సీటు పీకేస్తానన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "సీటు పీకితే రెక్కలు తగ్గుతాయేట్రా?" అని, ఉన్న కొలతలు కొలిపించారు. పొడవు పదమూడు సెంటీమీటర్ల పైచిలుకు, రెక్కల వెడల్పు పది. 72తో గుణించమన్నారు. తర్వాత నా చేతే అట్టముక్క మీద రాయించారు: నాట్ శిక్షణ విమానం, రెండు సీట్లు, 72వ వంతు. సెఖోన్ పేరు రాయనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ వారమంతా ఆయనతో సరిగా మాట్లాడలేదు కూడా.

స్వర్ణోత్సవ ప్రదర్శనకు సైన్సు గది బీరువా తెరిచినప్పుడు అది దొరికింది. ఒక చక్రం లేదు. అట్టముక్క పచ్చబడింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. అద్దం మీద నా బొటనవేలి ముద్ర అలాగే ఉంది.