గర్భిణులు వాడరాదు

క్యారట్ సీడ్ ఎసెన్షియల్ ఆయిల్ అని వెతికితే ఆన్‌లైన్లో కనపడే చిన్న గోధుమరంగు సీసాల మీద సాధారణంగా రెండు రకాల మాటలుంటాయి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ముడతలు, మెరుపు, యవ్వనం. వెనకవైపు కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో ‘గర్భిణులు వాడరాదు’. మొదటిది ప్రకటన. రెండోది, నా దృష్టిలో, రెండు వేల ఏళ్ళ చరిత్రలో మనదాకా మిగిలిన ఒకే ఒక్క వాక్యం. ఈ వ్యాసం ఆ వాక్యం గురించే.

నేను పగలు కోడ్ రాసుకునే మనిషిని. వారాంతాల్లో పుస్తకాలు, వాసనలు. సహజ పరిమళాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కొన్నాళ్ళకి తప్పకుండా ఈ నూనె దగ్గరికి వస్తారు. ఎందుకంటే ఇది మొదటి పరిచయంలోనే మనిషిని అయోమయంలో పడేస్తుంది. క్యారట్ అనగానే హల్వా గుర్తొచ్చే ముక్కుకి ఇందులో ఆ తీపి ఎక్కడా దొరకదు. తడి మట్టి, అప్పుడే పీకిన వేళ్ళు, ఎండిన చెక్క, వీటి అడుగున ఎక్కడో పొడిపొడిగా ఒక మెత్తదనం. వంటింటికి దగ్గరగానే ఉంటుంది గానీ గడప దాటి లోపలికి రాదు.

అసలు వంటింటి చుట్టరికం మాత్రం నిజమే. మనం క్యారట్ గింజ అనేది వృక్షశాస్త్రం లెక్కలో చిన్న ఎండుకాయలో సగభాగం. ధనియాలు, జీలకర్ర, వాము, సోపు అన్నీ ఈ కుటుంబంలోవే. పోపులో జీలకర్ర వేయగానే ఇల్లంతా ఘుమఘుమలాడటానికి కారణం ఆ గింజల లోపలుండే సన్నటి నూనె గొట్టాలు. క్యారట్ గింజలోనూ అవే ఉంటాయి. గింజల్ని ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లార్చి, నీళ్ళ మీద తేలిన నూనెని వేరుచేస్తారు. ఫ్రాన్స్‌లో చేస్తారు, మన దేశంలోనూ చేస్తారు.

ఈ నూనెలో ముఖ్యమైన అణువు పేరు క్యారటాల్. 1909లో అసాహినా, త్సుకమోటో అనే జపాన్ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని మొదటిసారి వేరుచేశారు. దానికి సరిగ్గా 78 ఏళ్ళ ముందు, 1831లో, వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్యారట్ దుంపలోంచి ఎర్రటి స్ఫటికాల్ని తీసి క్యారటీన్ అని పేరు పెట్టాడు. రెండు పేర్లకీ తల్లివేరు ఒకటే, పదార్థాలు మాత్రం పూర్తిగా వేరు. క్యారటాల్‌లో 15 కార్బన్ పరమాణువులుంటే బీటా క్యారటీన్‌లో 40. మొదటిది తేలిక, ఆవిరితో పాటు పైకి లేస్తుంది. రెండోది బరువు, అక్కడే ఉండిపోతుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఒకే పేరుతో రెండు వేరియబుల్స్.

ఈ పేర్ల గందరగోళం మీద ఒక చిన్న మార్కెట్టే నడుస్తోంది. గింజల నూనెలో విటమిన్ ఎ ఉందని కొందరు రాస్తారు, అది ఆవిరిలో రాదు. క్యారట్ దుంపల్ని మామూలు నూనెలో నానబెట్టి తీసే ఎర్రటి ‘క్యారట్ ఆయిల్’ వేరే వస్తువు. ఇంకొందరు ఈ నూనె రాసుకుంటే ఎండ నుంచి 38, 40 ఎస్‌పీఎఫ్ రక్షణ వస్తుందంటారు. ఆ అంకెలు 2009లో మన దేశంలోనే హెర్బల్ సన్‌స్క్రీన్ల మీద చేసిన ఒక పరీక్షలోంచి వచ్చినవి. అక్కడ కొలిచింది దుకాణంలో కొన్న తయారీ క్రీముల్ని, ఒట్టి క్యారట్ గింజల నూనెని కాదు. దీన్ని నమ్ముకుని మే నెలలో బయటికి వెళితే చర్మం కమిలిపోతుంది.

పరిమళాల తయారీలో దీని అసలు ఉద్యోగం ఐరిస్‌కి తోడుగా నిలబడటం. ఐరిస్ వాసన పువ్వులోంచి రాదు, మొక్క దుంపలోంచి వస్తుంది. తవ్విన దుంపల్ని ఆరబెట్టి ఏళ్ళ తరబడి నిలవ చేస్తే గానీ ఐరోన్లనే అణువులు తయారై ఆ పౌడర్ లాంటి వాసన పుట్టదు. అందుకే దాని ధర కిలోకి వేల యూరోల్లో ఉంటుంది. క్యారట్ గింజల నూనెని ఒకటి రెండు చుక్కలు కలిపితే ఐరిస్‌లోని మట్టి, వేరు, చెక్క పార్శ్వాలు తక్కువ ఖర్చులో బలపడతాయి. రెండు చుక్కలు నాలుగైతే మాత్రం మొత్తం సెంటుని మింగేస్తుంది. 1960లో స్టెఫెన్ ఆర్క్‌టాండర్ అచ్చేసిన సహజ పరిమళ ద్రవ్యాల గ్రంథం ఇప్పటికీ ఈ రంగంలో వాళ్ళకి పెద్దబాలశిక్ష లాంటిది. అందులో దీనికీ చోటుంది.

ఇంతవరకు వాసన కథ. ఇక వెనకవైపు ఉన్న ఆ చిన్న అక్షరాల సంగతి.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డియోస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు మందుమొక్కల మీద ఒక మహాగ్రంథం రాశాడు. 512 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో అనీసియా జూలియానా అనే రాజకుటుంబ స్త్రీ కోసం చేసిన దాని బొమ్మల ప్రతి ఇప్పుడు వియన్నాలో ఉంది. అందులో క్యారట్ బొమ్మలూ ఉన్నాయి. అడవి క్యారట్ గురించి డియోస్కోరిడీస్ చెప్పినదాని సారాంశం ఇది: గింజలు తాగినా, లోపల పెట్టుకున్నా నెలసరిని రప్పిస్తాయి. మూత్రం కట్టేసినవాళ్ళకి మంచిది. గర్భం నిలవడానికి తోడ్పడుతుంది. వేరుని లోపల పెట్టుకుంటే పిండం బయటికి వస్తుంది.

ఇందులో తిరకాసు చూశారా? ఒకే మొక్క నెలసరిని రప్పిస్తుంది, గర్భాన్ని నిలుపుతుంది, పిండాన్ని పంపేస్తుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో వైద్యాన్ని లాటిన్ నుంచి మామూలు జనం భాషలోకి దించిన నికొలస్ కల్‌పెపర్ కూడా అంతే. అడవి క్యారట్ నెలసరిని కదిలిస్తుందంటాడు, అదే గుక్కలో గర్భం రావడానికీ పనికొస్తుందంటాడు.

జాన్ రిడిల్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1992లో గర్భనిరోధం, గర్భస్రావాల చరిత్ర మీద ఒక పుస్తకం వేశాడు. పాతకాలం స్త్రీలకి పిల్లల్ని ఎప్పుడు కనాలో, ఎప్పుడు వద్దో నిర్ణయించుకునే మందులు తెలుసని, అవి కొంతవరకు పనిచేశాయని, ఆ జ్ఞానం తర్వాత చెదిరిపోయిందని అతని వాదం. ‘నెలసరిని రప్పించే మందు’ అనేది చాలాసార్లు ముసుగు మాట అన్నాడు. అమెరికాలో ఉత్తర కరోలినా కొండప్రాంతపు స్త్రీలూ, మన రాజస్థాన్ పల్లెల్లో స్త్రీలూ 20వ శతాబ్దంలో కూడా క్యారట్ గింజల్ని గర్భం రాకుండా వాడుతున్న సంగతి ఎత్తిచూపాడు.

హెలెన్ కింగ్ లాంటి చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు. గ్రీకు వైద్యం ప్రకారం నెలసరి సరిగా వస్తేనే గర్భం వస్తుంది, కాబట్టి దాన్ని రప్పించే మందు పిల్లల్ని కోరుకునేవాళ్ళ మందు కూడా కావచ్చు కదా అన్నారు. ఆ లెక్కన డియోస్కోరిడీస్ వాక్యాల్లో వైరుధ్యమే లేదు. ప్రతి ‘నెలసరి మందు’నీ గర్భస్రావం మందుగా చదవడం ఇప్పటి మన కోరికని అప్పటివాళ్ళ మీద రుద్దడమని వాళ్ళ అభ్యంతరం.

నాకు ఇద్దరి వాదమూ బలంగానే కనపడుతుంది. కానీ తెలుగు ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ చర్చలో ఒక అదనపు ఆధారం ఉందనిపిస్తుంది, అది మన భాష. ‘నెల తప్పింది’ అంటే కడుపుతో ఉంది అని. ‘నెల రాలేదు’ అంటే ఏదైనా కావచ్చు. మా అమ్మమ్మ తరంలో నెల ఆలస్యమైతే నువ్వులూ బెల్లం దంచి పెట్టేవాళ్ళు. బొప్పాయికాయ తినమనేవాళ్ళు. ఎందుకని అడిగితే ‘వేడి చేస్తుందే, వచ్చేస్తుంది’ అనడమే తప్ప, రాకపోవడానికి కారణమేమిటన్న మాట ఎత్తేవాళ్ళు కాదు. పెళ్ళైన అమ్మాయికీ అదే నువ్వుల ఉండ, పెళ్ళి కాని అమ్మాయికీ అదే. అది రక్తం తక్కువై ఆగిందో, కడుపు వల్ల ఆగిందో ఎవరూ తేల్చుకోరు. తేల్చకపోవడంలోనే రక్షణ ఉంది. అత్తగారికి ఒక అర్థం, తోడికోడలికి ఇంకో అర్థం, తినే మనిషికి తన అర్థం.

అందుకే ఇది రిడిల్ అన్నట్టు పూర్తిగా ముసుగూ కాదు, కింగ్ అన్నట్టు పూర్తిగా అమాయకమూ కాదు అనుకుంటాను. రెండు అర్థాల్నీ మోయగలగడమే ఆ మాటల పని. పుస్తకాలు రాసిన మగవైద్యులు ఒకటో రెండో అర్థాల్ని రాసుకున్నారు. ఏ రోజు ఏ అర్థంలో వాడారో ఆడవాళ్ళు రాసిపెట్టలేదు. రాసిపెట్టే పరిస్థితీ లేదు.

ఇది పనిచేస్తుందా అనేవాళ్ళకి జవాబు చెప్పాలి, లేకపోతే ప్రమాదం. మన దేశపు ప్రయోగశాలల్లో ఎలుకల మీద క్యారట్ గింజల సారాన్ని పరీక్షించి, గర్భధారణకి అడ్డుపడే లక్షణాలు ఉన్నాయని చూపించారు. మనుషుల మీద నమ్మదగిన పరీక్షలు లేవు. నమిలిన గింజలు, ప్రయోగశాల సారం, సీసాలోని గాఢమైన నూనె మూడూ ఒకటి కాదు. అడవిలో దొరికే క్యారట్‌ని పోలిన మొక్కల్లో సోక్రటీస్‌ని చంపిన హెమ్‌లాక్ కూడా ఉంది. అందువల్ల ఇది చరిత్రగా తెలుసుకోవాల్సిందే గానీ ప్రయత్నించాల్సింది కాదు. ‘గర్భిణులు వాడరాదు’ అనే జాగ్రత్త సరైనదే.

మరి ఇలాంటి చరిత్ర ఉన్న గింజ ముడతల మందుగా ఎలా మారింది? ఇక్కడ అరోమాథెరపీ పుట్టిన చోటుని చూడాలి. లియాన్‌లో పరిమళాల వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన రెనె మోరిస్ గాట్‌ఫోసే 1910లో ప్రయోగశాల పేలుడులో కాలిపోయాడు. గాయాలు గ్యాంగ్రీన్‌కి తిరిగితే లావెండర్ నూనెతో కడిగాడు, నయమైంది. (కాలిన చేతిని లావెండర్ తొట్టిలో ముంచాడన్నది తర్వాత అల్లిన కథ.) 1937లో అతను రాసిన పుస్తకంతో ‘అరోమాథెరపీ’ అన్న మాట స్థిరపడింది. 1964లో ఇండోచైనా యుద్ధంలో పనిచేసిన డాక్టర్ జాన్ వాల్నే అదే పేరుతో ఇంకో పుస్తకం వేశాడు. ఈ మధ్యలో 1961లో మార్గరిట్ మోరీ పుస్తకం వచ్చింది. లండన్‌లో సౌందర్య చికిత్సకుల ద్వారా ఈ విద్యని వ్యాప్తి చేసింది ఆవిడే. ఆ పుస్తకం పేరుని తెలుగులో చెప్పుకుంటే ‘యవ్వనమనే పెట్టుబడి’.

ఇప్పుడు ఈ తేదీల పక్కన ఇంకో వరస తేదీలు పెట్టి చూడండి. 1920లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. గర్భస్రావానికి ప్రేరేపించడమే కాదు, గర్భనిరోధం గురించి ప్రచారం చేయడమూ నేరం. 1942లో గర్భస్రావాన్ని దేశద్రోహంతో సమానం చేశారు. 1943 జులై 30న మరీ లూయీజ్ జిరో అనే స్త్రీకి గర్భస్రావాలు చేసినందుకు గిలటిన్‌తో తల తీశారు. గర్భనిరోధానికి చట్టబద్ధత 1967లో, గర్భస్రావానికి 1975లో వచ్చాయి. అంటే అరోమాథెరపీకి పునాది వేసిన ఆ మూడు పుస్తకాలూ ఆ నిషేధాల కాలంలోనే వచ్చాయి. మన దగ్గరా 1860 నాటి శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరం చేసింది. 1971 దాకా అదే.

ఆ చట్టం వల్లే ఫలానా వాక్యం ఫలానా పుస్తకంలో లేదని నేను వాదించడం లేదు. ఒక మొక్కకి ఉన్న పది ఉపయోగాల్లో ఏవి అచ్చులోకి రావచ్చో, ఏవి రాకూడదో చట్టాలూ మార్కెట్టూ కలిసి వడపోస్తాయి అంటున్నాను. వడపోతలో చర్మం మిగిలింది, గర్భం కిందకి దిగింది. ‘నెలసరిని రప్పిస్తుంది’ అన్న రెండర్థాల వాక్యం ‘గర్భిణులు వాడరాదు’ అన్న ఒంటి అర్థపు వాక్యమైంది. ఒకప్పుడు ఆ గింజ ఎందుకు కావాల్సి వచ్చిందో అదే కారణం ఇప్పుడు దాన్ని దూరం పెట్టడానికి కారణం. స్త్రీ తన శరీరం గురించి తీసుకునే నిర్ణయం నుంచి, స్త్రీ తన ముఖం కోసం పెట్టే ఖర్చుకి మారడం ఎంత నిశ్శబ్దంగా జరిగిపోయిందో చూడండి.

ఈ నూనెని ఇష్టపడేవాళ్ళు వాడుకోవచ్చు. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలోనో బాదం నూనెలోనో సుమారు 6 చుక్కలు వేస్తే ఒక శాతం అవుతుంది. చర్మానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. యవ్వనం మాటెలా ఉన్నా వాసన మాత్రం నిజం. వర్షం పడ్డ మర్నాడు పెరట్లో మొక్క పీకినట్టుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం ఒక పని చేయండి. నెల రాకపోతే వాళ్ళ రోజుల్లో ఏం పెట్టేవారో అడగండి. మందు పేరు చెప్తారు. ఎందుకో చెప్పరు. ఆ చెప్పకపోవడం దగ్గర కాస్త ఆగి వినండి. డియోస్కోరిడీస్‌కి అందనిది, మన కాలంలో ఏ సీసా మీదా అచ్చు కానిది అక్కడే ఉంది.