పేరు కాదు, పని అడుగు

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజుకొకసారైనా వినబడే మాట ఒకటుంది: “నా మెషీన్‌లో బానే నడుస్తోందే!” ఆ మాట అన్నవాళ్ళు అబద్ధమాడరు. వాళ్ళ మెషీన్‌లో నిజంగానే నడుస్తుంది. మ్యాక్‌లో రాసి, పరీక్షించి, అంతా సరిగ్గా ఉందనుకున్న ప్రోగ్రామ్ లినక్స్ సర్వర్ మీదికి వెళ్ళగానే ఫలానా ఫైలు లేదంటుంది. చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. పూటంతా వెతికితే తేలేదేమిటంటే, ఇంగ్లీషులో ఉన్న ఆ ఫైలు పేరు మొదటి అక్షరం ఒకచోట పెద్దబడి, ఇంకోచోట చిన్నబడి. మ్యాక్ మామూలుగా ఆ తేడా పట్టించుకోదు. లినక్స్ పట్టించుకుంటుంది. ఈ సంగతి పక్క సీట్లో ఉన్న సీనియర్‌కి చెబితే, “అది అందరికీ తెలిసిందేగా” అంటారు.

అందరికీ ఎలా తెలిసింది? నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఇది నేను చదివిన ఏ సబ్జెక్టులోనూ లేదు. ఎవరో ఎప్పుడో ఒక పూట పోగొట్టుకుని, తెలిసింది తనలోనే దాచుకోకుండా ఇంకొకరి చెవిన వేశారు. అలా చెవిన వేసుకోవడానికి కూడా ఒక చరిత్ర ఉంది. మనకి సాధారణంగా చెప్పే కంప్యూటర్ చరిత్రలో మెషీన్లుంటాయి, కంపెనీలుంటాయి, గరాజుల్లో కుర్రాళ్ళుంటారు. ఒకే ప్రోగ్రామ్ పది రకాల మెషీన్ల మీద నడవడం మాత్రం చాలావరకు ఈ రెండో చరిత్ర చలవే అని నా అభిప్రాయం.

పోటీదార్లు కలిసి కూర్చున్న రోజు

1950ల మొదట్లో ఐబీఎమ్ 701 అనే మెషీన్ వచ్చింది. మొత్తం తయారైనవి 19. అద్దెకి తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది విమానాలు, ఆయుధాలు తయారుచేసే సంస్థల వాళ్ళు. మెషీన్‌తో పాటు ఇప్పటిలా ఆపరేటింగ్ సిస్టమ్ గట్రా ఏమీ వచ్చేవి కావు. అసెంబ్లర్ దగ్గర్నుంచి వర్గమూలం కనుక్కునే లెక్క దాకా ఎవరికి వారే రాసుకున్నారు. అంతలో ఐబీఎమ్ 704 వస్తోందన్నారు. 701 కోసం రాసినవేవీ దాని మీద నడవవు. అంటే పడ్డ కష్టమంతా మళ్ళీ మొదట్నుంచి పడాలి, అదీ ప్రతి సంస్థా విడివిడిగా.

1955 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో, రాండ్ కార్పొరేషన్ ఆఫీసులో ఈ 704 వినియోగదారులు సమావేశమయ్యారు. ‘షేర్’ అని పేరు పెట్టుకున్నారు. వీళ్ళలో చాలామంది బయట ఒకే కాంట్రాక్టు కోసం కొట్టుకునే కంపెనీల ఉద్యోగులు. అయినా ఈ విషయంలో ఒక లెక్కకొచ్చారు: విమానం డిజైను రహస్యం, సైను, లాగరిథమ్ లెక్కగట్టే ప్రోగ్రామ్ రహస్యం కాదు. అందరూ వాడుకోడానికి ఒక అసెంబ్లర్ కావాలంటే, యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో రాయ్ నట్ రాసినదాన్ని ఎంచుకున్నారు. ఒక కంపెనీ సొంత అవసరానికి రాసుకున్న పనిముట్టు అలా ఊరుమ్మడి బావి అయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. షేర్ సభ్యులందరిదీ ఒకే మెషీన్. నాకు పనిచేసిన చిట్కా నీకూ పనిచేస్తుందని నమ్మకంగా చెప్పొచ్చు. మెషీన్లు వేరైతే?

ఒకే సంవత్సరం, రెండు ఖండాలు

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. 1973లో దాన్ని దాదాపు మొత్తంగా సి భాషలో తిరగరాశారు. అప్పటికది డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ వాళ్ళ పీడీపీ మెషీన్ల మీదే నడిచేది. 1977లో దాన్ని పూర్తిగా వేరే రకం మెషీన్ మీదికి రెండు బృందాలు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఎక్కించాయి. న్యూజెర్సీలో స్టీవ్ జాన్సన్, డెనిస్ రిచీ ఇంటర్‌డేటా 8/32 మీద. ఆస్ట్రేలియాలో, సిడ్నీకి దక్షిణంగా ఉన్న వొలంగాంగ్ యూనివర్సిటీలో రిచర్డ్ మిల్లర్ ఇంటర్‌డేటా 7/32 మీద.

ఆ కాలపు కథ ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘యూనిక్స్’కి ఇంగ్లీషులో నాలుగక్షరాలు: యు, ఎన్, ఐ, ఎక్స్. పీడీపీ మెమరీలో రెండేసి అక్షరాల జతలో ఏది ముందు, ఏది వెనక అనే వరస ఒకలా ఉంటే, కొత్త మెషీన్‌లో ఇంకోలా ఉంది. దాంతో తెర మీద ఎన్, యు, ఎక్స్, ఐ అని వచ్చిందట. బైట్ల వరస వల్ల వచ్చే చిక్కుకి ప్రోగ్రామర్లు ‘నక్సీ’ సమస్య అని పేరే పెట్టారు. పేరు పెట్టడం చిన్న విషయం కాదు. పేరున్న జబ్బుని ఇంకొకరికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

జాన్సన్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఒక మెషీన్ మీద ఊరికే ఉండి, ఇంకోదాని మీదికి వెళ్ళగానే కొంప ముంచే రాతలు సి ప్రోగ్రాముల్లో ఎక్కడెక్కడున్నాయో చూపించడానికి ‘లింట్’ అనే ప్రోగ్రామ్ రాశాడు. పోర్టింగ్‌లో తగిలిన ఎదురుదెబ్బలే అందులో తనిఖీలయ్యాయి. నోటిమాటగా మొదలైన చిట్కా, కాగితమెక్కి, చివరికి తానే ఒక ప్రోగ్రామ్ అవడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

పంక్తి ఎక్కడ ముగుస్తుంది?

మెషీన్ల మధ్య తేడాలు ఎంత మొండివో తెలియాలంటే అన్నిటికన్నా చిన్న ఉదాహరణ చాలు. టెక్స్ట్ ఫైల్లో ఒక పంక్తి అయిపోయిందని మెషీన్‌కి ఎలా తెలుస్తుంది?

1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కొట్టేది. పంక్తి చివరికొచ్చాక అచ్చు దిమ్మె ఎడమ చివరికి పోవాలి, కాగితం ఒక పంక్తి పైకి జరగాలి. రెండు పనులు, రెండు సంకేతాలు. దిమ్మె వెనక్కి రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం సరిపోదు కాబట్టి, ఆ సంకేతం ముందు పంపి, కాగితం జరిపే సంకేతం తర్వాత పంపేవాళ్ళు. ఆ వ్యవధిలో దిమ్మె చేరిపోయేది.

తెరలొచ్చాక దిమ్మె పోయింది, కాగితమూ పోయింది. సంకేతాలు మిగిలాయి. మల్టిక్స్ దారిలో యూనిక్స్ ఒక్క ‘కాగితం జరుపు’ చాలనుకుంది. సీపీ/ఎమ్, దాని వెనకే 1981లో డాస్, ఆ తర్వాత విండోస్ రెండూ ఉంచుకున్నాయి. 1984 నాటి మ్యాకింటాష్ ‘దిమ్మె వెనక్కి’ ఒక్కటే తీసుకుంది. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తో యాపిల్ యూనిక్స్ పద్ధతిలోకి వచ్చింది. విండోస్ నోట్‌ప్యాడ్‌కి యూనిక్స్ పంక్తులు అర్థమవడానికి 2018 దాకా పట్టింది. అందాకా యూనిక్స్ ఫైలు అందులో తెరిస్తే, పద్యమైనా ప్రోగ్రామైనా ఒకటే పొడవాటి పంక్తి.

ఎదురు దిశలో ఇంకా ఘోరం. విండోస్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్టు లినక్స్ మీద నడపబోతే అలాంటి ఫైలు లేదు పొమ్మంటుంది. నిజానికది వెతుకుతున్నది మన ఫైలు కోసం కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రామ్ కోసం. ఆ పేరు చివర కంటికి కనబడని ‘దిమ్మె వెనక్కి’ సంకేతం అంటుకుని ఉంటుంది. అరవయ్యేళ్ళ నాటి ఇనప దిమ్మె గురించి తెలియకుండా ఈ ఎర్రర్ ఎందుకొచ్చిందో ఊహించడం అసాధ్యం. ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ల్యారీ వాల్ అడిగిన ప్రశ్నలు

1980ల్లో యూనిక్స్ కూడా ఒక్కటిగా లేదు. ఏటీ అండ్ టీది ఒకటి, బర్‌క్లీది ఒకటి, మెషీన్ అమ్మే ప్రతి కంపెనీదీ ఒకటి. 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్‌ల ఆలోచనతో మొదలైన యూజ్‌నెట్, రాత్రిపూట ఒక కంప్యూటర్ ఇంకోదానికి ఫోన్ చేసి కబుర్లు మార్చుకునే పద్ధతిలో ఊళ్ళు దాటించింది. ప్రోగ్రాములు కూడా దాని మీదే పంచుకునేవాళ్ళు. రాసినవాడు ఎన్నడూ చూడని మెషీన్ల మీదికి ప్రోగ్రామ్ చేరేది.

తర్వాత పెర్ల్ భాషతో పేరు తెచ్చుకున్న ల్యారీ వాల్, ఈ పరిస్థితిలో రెండు పనులు చేశాడు. 1985లో ‘ప్యాచ్’ రాశాడు. దూరంగా ఎవరో ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకుని దిద్దితే, మొత్తం పంపక్కర్లేదు, మార్చిన ముక్క పంపితే చాలు. ఈలోగా పంక్తులు అటూ ఇటూ జరిగినా ‘ప్యాచ్’ చుట్టుపక్కల చూసి సరైన చోటు కనిపెట్టి అతికిస్తుంది. “ఫలానా చోట ఇలా మార్చి చూడండి” అనే సలహాకి మెషీన్ అర్థం చేసుకోగల రూపం అది.

రెండోది, తన ప్రోగ్రాములతో పాటు పంపిన ‘కన్ఫిగర్’ స్క్రిప్టు. ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసేముందు అది ఆ మెషీన్‌ని పరీక్ష చేస్తుంది. ఈ ఫంక్షన్ ఉందా? ఈ ఫైలు ఎక్కడుంది? ఈ పని చేయిస్తే సరిగ్గా చేస్తోందా? వీఎమ్‌ఎస్ మీద యూనిక్స్ వేషం కట్టే యూనిస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. మీరు వాడుతున్నది యూనిస్ కాదని తేలితే స్క్రిప్టు మీకు అభినందనలు చెప్పేది! ఆ హాస్యం వెనక ఎన్ని రాత్రుల ఏడుపుందో పోర్టింగ్ చేసినవాళ్ళకి తెలుస్తుంది. 1991లో డేవిడ్ మెకెంజీ గ్నూ ప్రాజెక్టు కోసం మొదలుపెట్టిన ‘ఆటోకాన్ఫ్’ ఇలాంటి స్క్రిప్టులు తయారుచేసే యంత్రం.

అంతకుముందు పద్ధతి మెషీన్ పేరు అడగడం. “నువ్వు ఫలానానా? అయితే ఇలా చేస్తా.” కొత్త మెషీన్ వచ్చిన రోజున ఆ జాబితా పాతబడుతుంది. ‘కన్ఫిగర్’ పద్ధతిలో ఊరూ పేరూ అడగరు, పని అడుగుతారు. అది చేయగలిగితే చాలు, పేరేదైనా సరే. రేపు పుట్టబోయే మెషీన్‌కి కూడా ఆ ప్రశ్న చెల్లుతుంది.

పేరు అడిగితే ఏమవుతుందో వెబ్ చూపించింది. 1990ల్లో కొన్ని సైట్లు, నెట్‌స్కేప్ బ్రౌజర్ చెప్పుకునే ‘మొజిల్లా’ పేరు కనబడితేనే మంచి పేజీ ఇచ్చేవి. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తానూ మొజిల్లానే అంది. 2008లో వచ్చిన క్రోమ్ మొజిల్లా, సఫారీ, ఇంకా రెండు మూడు పేర్లు కలిపి చెప్పుకుంటుంది. పేరు అడిగే చోట అందరూ గొప్ప ఇంటి పేరే చెబుతారు. 2009లో జేక్వెరీ తన 1.3 వెర్షన్‌లో బ్రౌజర్ పేరు చూడటం మానేసి, సామర్థ్యాలు పరీక్షించే పద్ధతికి మారింది. ల్యారీ వాల్ పాఠాన్నే వెబ్ తన దెబ్బలు తాను తిని మళ్ళీ నేర్చుకుంది.

మన అక్షరం దగ్గరికొస్తే

తెలుగువాళ్ళకీ ఈ కథలో పాత్ర ఉంది. ఏ మెషీన్ మీదా తెలుగు కనబడని రోజుల్లో, అమెరికాలో రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశారు. ఎల్ చిన్నబడైతే ల, పెద్దబడైతే ళ. ఫాంటూ అక్కర్లేదు, ఫలానా మెషీనూ అక్కర్లేదు. అన్ని మెషీన్లకీ తెలిసిన కాసిని అక్షరాల మీదే తెలుగు సముద్రాలు దాటింది. ఆ తర్వాత పత్రికలు నెట్‌లోకొచ్చి తలా ఒక ఫాంటు పెట్టుకుంటే, ఒక్కో ఫాంటుకి ఒక్కో పట్టిక కూర్చి, వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అక్షరం వస్తే ఐఫోన్లో యాప్‌లు కూలిపోతున్నాయని గోల. మామూలుగా టైప్ చేసిన ‘జ్ఞా’తో ఏమీ కాదు. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, అక్షరాలు అతుక్కోకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి దూరాలి. ఇది కొద్దిరోజుల్లోనే బయటపెట్టినవాడు మనీష్ గోరేగావ్‌కర్, అప్పుడు యాపిల్‌కి పోటీగా బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో పనిచేస్తున్న ఇంజనీరు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి అమరికలు కూలుస్తాయని కూడా పట్టుకుని, ఎలా పట్టుకున్నాడో వివరంగా రాశాడు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. “తెలుగు అక్షరం ఫోన్లని చంపుతోంది” అన్న వార్తల్లో పేరుంది. పని గురించి అడిగినవాడికి అసలు కారణం దొరికింది.

ఇకపై ఎవరు చెబుతారు?

ఈ కథని బంగారు యుగంగా చూడక్కర్లేదు. షేర్‌లో కూర్చోడానికి లక్షల డాలర్ల మెషీన్ ఉండాలి. యూజ్‌నెట్‌కి యూనివర్సిటీయో పెద్ద కంపెనీయో దన్నుండాలి. 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చాక తలుపులు బాగా తెరుచుకున్నాయి గానీ, ప్రశ్న ఇంగ్లీషులో, అదీ వాళ్ళు మెచ్చే పద్ధతిలో అడగడం రావాలి. భయపడి అడగకుండా ఊరుకున్నవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. ఇప్పుడు చాట్‌బాట్‌ని ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా నిర్భయంగా అడగొచ్చు. ఇది నిజమైన లాభం, కాదనను.

కానీ ఆ జవాబుల్లో చాలావాటికి మూలం ఎవరో పదిమందిలో రాసిపెట్టిన ఎదురుదెబ్బే. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు నా చిక్కు విడిపోతే, అది ఎలా విడిపోయిందో తెలిసేది నాకూ ఆ కంపెనీకీ. పక్క ఊళ్ళో అదే చిక్కుతో కూర్చున్న మనిషికి నా దెబ్బ పనికిరాదు. పాత చిక్కులకి జవాబులు సమృద్ధిగా ఉంటాయి. వచ్చే ఏడాది మెషీన్‌తో పుట్టే చిక్కుని మాత్రం మొదట ఒక మనిషే తినాలి, ఆ మనిషే రాయాలి.

రాయడం పెద్ద పనేం కాదు. ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏం చేస్తే ఏం కనబడింది, ఏం మారిస్తే పోయింది, ఎందుకు పోయిందనుకుంటున్నారు. ఐదారు వాక్యాలు. తెలుగులో రాసినా సరే, అందరూ వెతికి చూడగలిగే చోట ఉంటే చాలు.