గంజాయి వనంలో తులసి మొక్క

చెడ్డవాళ్ళ మధ్య ఒక మంచివాడు కనిపిస్తే 'గంజాయి వనంలో తులసి మొక్క' అనటం మనకి అలవాటు. ఆ గంజాయి మొక్క కడుపులోనే మత్తెక్కించని సాధుపదార్థం ఒకటి దాక్కుని వుందని మాత్రం ఆ సామెత కట్టినవాళ్ళకి తెలిసివుండదు. దాని పేరు కానబిడయాల్. నోరు తిరగనివాళ్ళ కోసం సి.బి.డి. అని కుదించారు. అమెరికాలో ఇవాళ మోకాళ్ళ నొప్పులకీ, మొటిమలకీ, ముడతలకీ కూడా సి.బి.డి. క్రీములే. మనవల్ని చూసుకోవటానికి వెళ్ళిన మన అమ్మమ్మల కీళ్ళదాకా వచ్చేసిందీ సంగతి.

సీసా మీద ఆ ఆకు బొమ్మ చూసి కొందరు 'హరిహరీ' అంటారు. కొందరు సంజీవని దొరికిందంటారు. రెండూ తొందరపాటే. ఆ సీసాలో ఏముందో తెలియాలంటే ముందు క్రీము కథ తెలియాలి. ఆ తరువాతే గంజాయి కథ.

క్రీము తాతగారు రోములో వుండేవారు. రెండో శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు తేనెమైనం కరిగించి, ఆలివ్ నూనె కలిపి, గులాబీ నీళ్ళు పోసి మెదిపాడట. వొంటికి రాస్తే అందులోని నీరు ఆవిరవుతూ చల్లగా వుండేది. 'కోల్డు క్రీము' అన్న పేరు అలా వచ్చిందే. చిక్కల్లా నీళ్ళూ నూనే ఎంతోసేపు కలిసి కాపురం చెయ్యవు. పైగా నూనె కొన్నాళ్ళకి సిక్కు వాసన కొట్టేది. తరువాతి వాళ్ళు వెలిగారం కలిపి ఆ కాపురం నిలబెట్టారు. నూనె బదులు చెడిపోని ఖనిజ తైలం వాడారు. గొర్రె బొచ్చులోంచి తీసిన జిడ్డుతో మరింత గట్టి పొత్తు కుదిరింది. 1911లో వచ్చిన జర్మన్ల నివియా ఆ జిడ్డు చలవే.

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, మన వంటింట్లో వున్నదే. పాలల్లో నీళ్ళెక్కువ, వాటిలో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా తేలుతుంది. వెన్నలో కొవ్వెక్కువ, నీరు బొట్లుగా ఇరుక్కుని వుంటుంది. రాయగానే ఇంకిపోయే క్రీము పాల తరహా, జిడ్డుగా నిలిచే కోల్డు క్రీము వెన్న తరహా. అంతే తేడా!

ఆ ఇంకిపోయే తరహాని మనవాళ్ళు 'స్నో' అన్నారు. పెళ్ళిచూపులంటే స్నో, పౌడరూ వుండాల్సిందే కదా! 1892లో ఇంగ్లీషు కంపెనీ ఒకటి 'హేజలీన్ స్నో' తెచ్చింది. 1919లో బొంబాయిలో పాటన్‌వాలాగారి 'అఫ్ఘాన్ స్నో' వచ్చింది. ఒక్క విషయం గమనించండి. హేజలీన్ అన్న పేరు విచ్ హేజెల్ అనే చెట్టుది. సీసాలో అధికభాగం మాత్రం నీళ్ళూ, స్టియరిక్ ఆమ్లమూను. పేరు చెట్టుది, శరీరం ఇంకొకరిది. ఈ మర్మం చేతపట్టుకుని గంజాయి దగ్గరికి వెడదాం.

కలకత్తా వైద్య కళాశాలలో ఓషానెసీ అనే ఐరిష్ డాక్టరుండేవాడు. తరవాత మన దేశానికి తంతి తీగలు వేయించిందీ ఆయనే. ఇక్కడి వైద్యులు గంజాయి వాడటం చూసి తానూ పరీక్షలు చేసి 1839లో ఒక వ్యాసం రాశాడు. ఆయన మందు పుచ్చుకున్నవాళ్ళలో మూర్ఛలతో కొట్టుకుపోతున్న పసికందు కూడా ఉంది. మందు పనిచేసిందన్నాడు గానీ అందులో పనిచేసిందేదో ఆయనకీ తెలీదు.

తెలియటానికి నూరేళ్ళు పట్టింది. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ ఆ మొక్కలోంచి సి.బి.డి.ని విడదీశాడు. దాని నిర్మాణం తేల్చినవాడు ఇజ్రాయెల్‌కి చెందిన మెషూలమ్. ఆయన పరిశోధనకి సరుకెక్కడిది? పోలీసులు పట్టుకున్న 5 కిలోల లెబనాన్ చరసు అడిగి పుచ్చుకుని, సంచీలో వేసుకుని, బస్సులో వచ్చాడు! ఈ వాసనేమిటని పక్కవాళ్ళు అడిగారని తరువాత ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఆ చరసు వూరికే పోలేదు. 1963లో సి.బి.డి. గుట్టు, 1964లో మత్తెక్కించే టి.హెచ్.సి. గుట్టు బయటపడ్డాయి. దొంగ ఒకడు, సాధువు ఒకడు, ఒక తల్లి బిడ్డలే అని తేలింది.

2018లో అమెరికా ప్రభుత్వం సి.బి.డి.ని మందుగా ఒప్పుకుంది. దేనికి? పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకి. ఓషానెసీ పసికందు గుర్తొచ్చింది కదూ! కానీ అది నోట్లో పోసే మందు, డాక్టరు రాసి ఇచ్చేది. అదే ఏడు వచ్చిన వ్యవసాయ చట్టం టి.హెచ్.సి. అత్యల్పంగా వుండే మొక్కల సాగుకి తలుపు తీసింది. ఆ తలుపులోంచి క్రీములు వరదలా వచ్చిపడ్డాయి. మూర్ఛ మందుకి వచ్చిన కీర్తి మోకాలి క్రీముకి అంటింది. ముఖానికి రాసుకునే సి.బి.డి. క్రీము దేన్నీ ఆ ప్రభుత్వం మందుగా ఆమోదించలేదు.

ఇప్పుడు సీసా తిప్పి వెనక చీటీ చదవండి. ఎక్కువ వున్నది ముందు, తక్కువ వున్నది తరవాత రాయటం పద్ధతి. చాలా సీసాల మీద మొదటి పేరు నీళ్ళదే! తరవాత కొబ్బరి నూనెలో పుట్టిన కొవ్వులు, గ్లిసరిన్, మైనం, నీళ్ళనీ నూనెనీ కలిపి ఉంచే పదార్థం. నీరున్నచోట బూజూ సూక్ష్మజీవులూ పుడతాయి గనుక ఫినాక్సీ ఇథనాల్ లాంటి కాపలాదారు. 50 గ్రాముల సీసాలో 250 మిల్లీగ్రాముల సి.బి.డి. వుందనుకోండి, లెక్క వేస్తే నూటికి అర పాలు. మిగతా తొంభైతొమ్మిదిన్నర పాళ్ళూ గేలెన్ గారి వారసులే.

'కానబిస్ సటైవా సీడ్ ఆయిల్' అని మాత్రమే వుంటే అది గింజల నూనె. చర్మానికి మంచిదే, మన నువ్వుల నూనెలాగే. సి.బి.డి. మాత్రం అందులో చెప్పుకోదగ్గంత వుండదు, అది పూతలోనూ ఆకులోనూ వుంటుంది. రాసీ రాయగానే నొప్పి మీద చల్లగా వుంటే చీటీలో మెంథాల్, కర్పూరం వున్నాయేమో చూడండి. 1893లో ప్రభుత్వం గంజాయి మంచిచెడ్డలు తేల్చమని ఒక కమిషను వేసింది. ఆ ఏడే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ చల్లదనం మనకి అప్పటినుంచీ తెలిసినదే, దానికి గంజాయితో పనిలేదు.

చీటీనయినా నమ్మవచ్చా? 2022లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒంటికి రాసుకునే, అతికించుకునే సరుకులు 105 పరీక్షించి అచ్చువేశారు. సి.బి.డి. ఎంతో రాసినవి 89. నూటికి పదిపాళ్ళ తేడా మన్నించినా, చీటీకి సరిపోయినవి 21. పదహారింటిలో తక్కువ, 52లో ఎక్కువ! 37 వాటిలో టి.హెచ్.సి. జాడ కూడా కనిపించింది. తక్కువయితే డబ్బు దండగ. ఎక్కువయితే, ఎంత రాసుకుంటున్నామో మనకే తెలీదు.

తులసి మొక్క అబద్ధం కాదు, దాని మేలు మీద పరిశోధనలు జరుగుతూనే వున్నాయి. కానీ ఎండిన చర్మాన్ని మెత్తబరిచే పని పద్దెనిమిది వందల ఏళ్ళనుంచీ మైనం, నూనె, నీరు నిశ్శబ్దంగా చేస్తున్నాయి. వాటికి ఆకు బొమ్మలు లేవు, ధర కూడా లేదు. అటువంటి సీసా ఎవరైనా చేతికిస్తే ముందువైపు బొమ్మ పిల్లలకి చూపించండి. వెనకవైపు చీటీ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి.